సైడ్ అద్దం ముడుసుకుంటలేదని మొత్తం మార్చాల్నా?

గోదావరిఖనిల కిరాయి కార్లు నడిపే తమ్ముళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నరు. "అన్నా, బటన్ ఒత్తితె సైడ్ అద్దం ముడుసుకుంటలేదు. మొత్తం సెట్టే మార్చాలంటున్నరు." సెట్టంటె వేలల్ల ముచ్చట. నెలనెలా కిస్తీ కట్టేటోనికి అది చిన్న పైసలు కాదు. అందుకే, మార్చేముందు ఏమేం సూసుకోవాల్నో చెప్త.

ముందుగాల అదెట్ల పనిచేస్తదో ఎరుకుండాలె. అద్దం గూడు లోపట 12 వోల్టుల చిన్న మోటరుంటది. చానా బండ్లల్ల దానికి రెండే వైర్లు. కరెంటు ఒక దిక్కు పారితె ముడుస్తది, తిరగేస్తె తెరుస్తది. దానికి పండ్ల చక్రాలు, ఓ గట్టి స్ప్రింగు ఉంటయి. ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాలల్ల బొగ్గు దుమ్ము, ఎన్టీపీసీ దిక్కు బూడిద. ఆ సన్నటి పొడి అద్దం తిరిగే సందుల పేరుకోని, తడిసి ఆరినంక గట్టిపడ్తది. ఇగ మోటరు బలం సాలదు.

రెండు అద్దాలూ ఒక్కపారే ఆగితె మోటర్లను అనుమానించకుర్రి. ఫ్యూజు, స్విచ్చు, బ్యాటరీ సూడుర్రి. ఫ్యూజు పోతె అదే ఆంపియర్ది ఎయ్యాలె. రాగి తీగ చుడితె వైరింగే కాలుతది.

ఒక్కటే ఆగితె, ఒకలు బటన్ ఒత్తుతుంటె ఇంకొకలు చెవి పెట్టి ఇనుర్రి.

టకటక అంటె పండ్లు తప్పినట్టు. ఎవలన్న బైకుతోని తాకిచ్చినా, చేత్తోని బలంగ నూకినా గిట్లయితది. చేత్తోని మెల్లగ పూర్తిగ ముడిచి, బటన్‌తోని రెండు మూడు పార్లు తెరిచి ముయ్యుర్రి. చానాసార్లు మళ్ల కూసుంటది. అయినా ఊగుతుంటె పండ్లు అరిగినట్టు.

గుర్రుమంటది గని కదలకుంటె దుమ్ము పట్టినట్టు. నీళ్లు, మెత్తటి బ్రష్షుతోని కడిగి, ఆరినంక సిలికాన్ స్ప్రే కొట్టుర్రి. ఇంజన్ ఆయిల్ పోస్తె దుమ్ము దానికే అంటుకోని ముద్దయితది.

సప్పుడే లేకుంటె మోటరు ప్లగ్గు కాడ మీటరు పెట్టుర్రి. బటన్ ఒత్తినప్పుడు 12 వోల్టులు వస్తె మోటరు పోయినట్టే. మోటరొక్కటే దొరుకుతదా అని అడుగుర్రి. కరెంటే రాకుంటె డోరుకు, బాడీకి నడుమ ఉన్న రబ్బరు గొట్టంల వైర్లు సూడుర్రి. డోరు తీసుడు, ఏసుడుతోని అక్కడ తెగుతయి. అతుకు ఏస్తె సరిపోతది.

ఒకటి యాదుంచుకోర్రి. ముడుసుకోకుంటె నష్టం లేదు గని, తెరుసుకోకుంటె ప్రాణం మీదికొస్తది. రాజీవ్ రహదారి మీద టిప్పర్ ఎన్కనుంచి వస్తుంటె అద్దం లేని బండి గుడ్డిదే. చేత్తోనన్న తెరిచే కదలుర్రి.

ఇంకో మాట. అద్దం సందుల పేరుకున్న దుమ్మే మన ఛాతిల కూడ పేరుకుంటది. అద్దాన్ని కడుక్కోవచ్చు, ఊపిరితిత్తులను కడుక్కోలేం. బొగ్గు టిప్పర్ల మీద పట్టాలు కప్పాలె, రోడ్ల మీద రోజూ నీళ్లు కొట్టాలె. గది అడుగుడు మనం బంద్ చెయ్యద్దు.