వాటా లెక్కలో బ్రాకెట్ల అవసరం

దివ్యఖుర్ఆన్ అన్‌నిసా సూరాలోని 11, 12 ఆయతులు వారసుల వాటాలను సగం, మూడో వంతు, ఎనిమిదో వంతు అంటూ భిన్నాలలో నిర్ణయించాయి. మృతుని అప్పు తీర్చి, వీలునామా నెరవేర్చిన పిదపనే పంపకం జరగాలని కూడా ఆదేశించాయి. ఈ వరుసను లెక్కలోనూ పాటించవలసి ఉంటుంది.

మద్రసాలో ఫరాయిజ్ పాఠం బోధిస్తూ మేము ఒకనాడు ఈ లెక్క ఇచ్చాము. తల్లిదండ్రులు లేని ఒక వ్యక్తి భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించాడు. అంత్యక్రియల ఖర్చులు పోను ఆస్తి 35 లక్షలు, అప్పు 3 లక్షలు. వీలునామా లేదు. అప్పు తీర్చగా మిగిలిన 32 లక్షలలో భార్యకు ఎనిమిదో వంతు, అనగా 4 లక్షలు. మిగతా 28 లక్షలలో కుమారునికి రెండు పాళ్లు, ఒక్కొక్క కుమార్తెకు ఒక పాలు. అంటే కుమారునికి 14 లక్షలు, కుమార్తెలకు ఏడేసి లక్షలు.

ఒక విద్యార్థి భార్య వాటా కొరకు తన అన్నగారి గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌పై 3500000 − 300000 ÷ 8 అని నొక్కగా 34,62,500 వచ్చింది. దుకాణాలలో వాడే చిన్న కాలిక్యులేటర్‌పై అవే మీటలు నొక్కితే 4,00,000 వచ్చింది. పిల్లలు విస్తుపోయారు.

చిన్న కాలిక్యులేటర్ నొక్కిన వరుసలోనే లెక్క వేస్తుంది. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ బీజగణిత నియమం ప్రకారం ముందు భాగహారం, తరువాత తీసివేత చేస్తుంది. కనుక అది ఆస్తికి బదులు అప్పును మాత్రమే ఎనిమిదితో భాగించింది. (3500000 − 300000) ÷ 8 అని బ్రాకెట్లతో నొక్కగానే 4,00,000 చూపింది.

ఇంత పెద్ద తేడా వెంటనే కంటబడుతుంది. కంటబడని తప్పు మరొకటి ఉన్నది. కుమార్తె వాటా కొరకు 2800000 ÷ 2 + 1 + 1 అని నొక్కితే 14,00,002 వస్తుంది. అది దాదాపు కుమారుని వాటాయే కనుక ఎవరికీ అనుమానం రాదు. 2800000 ÷ (2 + 1 + 1) అని నొక్కితేనే ఆమె హక్కు 7,00,000 తేలుతుంది.

కొన్ని గ్రాఫింగ్ కాలిక్యులేటర్లలో భిన్నాన్ని పుస్తకంలో వలె గీత పైన, గీత కింద విడివిడిగా నింపవచ్చు. అక్కడ ఆ గీతే బ్రాకెట్ పని చేస్తుంది. ఏ పద్ధతిలో చేసినా చివర వాటాలన్నీ కూడి చూడాలి: 4 + 14 + 7 + 7 = 32. మొత్తం సరిపోకపోతే లెక్క మళ్లీ మొదలుపెట్టాలి.

9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రచించిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ పంపకాల లెక్కలకే కేటాయించబడింది. ఆ విద్య నేడు మన పిల్లల చేతిలోని యంత్రంలో ఉన్నది. వారసులెవరో, ఎవరి వాటా ఎంతో ముందుగా ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఆ పిదపే మీటలు నొక్కండి. వితంతువు వాటా, ఆడబిడ్డ వాటా మన చేతిలో అమానతు. దానిలో ఒక్క రూపాయి తారుమారైనా అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పవలసింది యంత్రం కాదు, మనమే.