ఫోలిక్ ఆమ్లం: ఎల్లాప్రగడ సుబ్బారావు కృషి

కోనసీమకు పడమటి ఎల్ల వసిష్ఠ గోదావరి. దానికి ఆవలనున్న భీమవరంలో 1895వ సంవత్సరంలో ఎల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల ఎడంలో స్ప్రూ వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో ప్రేవులు ఆహారసారాన్ని గ్రహింపజాలవు, రక్తం క్షీణిస్తుంది.

మద్రాసులో వైద్యవిద్య ముగించి సుబ్బారావు అమెరికా వెళ్ళారు. హార్వర్డులో ఫిస్కేతో కలసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లే పరిశోధనాలయంలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారయినది.

ఆకుకూరలలో ఉండే ఈ విటమిను చేసే పని ఏమి? కణం రెండుగా చీలడానికి ముందు తన డి.ఎన్.ఎ.ను రెట్టింపు చేసుకోవలెను. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. అది కొరవడితే ఎముకల మూలుగలోని కణాలు పెరుగుతాయే గాని సరిగా విభజన చెందవు. అందుచేత ఎర్రకణాలు పెద్దవై, సంఖ్యలో తగ్గుతాయి. ఈ రక్తహీనతకు, స్ప్రూకు కూడ ఫోలిక్ ఆమ్లం మందయినది.

ల్యుకీమియాలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. ముదరని తెల్లకణాలు అదుపులేక పెరిగిపోతాయి. కావున వాటికి ఫోలిక్ ఆమ్లం ఉపయోగపడకుండా చేయవలెను. రూపంలో దానిని పోలిన అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసినది. తాళంలో దూరి తిరగని చెవివలె ఇది ఎంజైమును పనిచేయనీయదు. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ దీనిని 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో మేలు కనిపించినదని 1948లో ప్రకటించారు. ఆ మేలు తాత్కాలికమే. అయినను ఈ వ్యాధి మందుకు లొంగునని తేలినది. ఆ ఏడే సుబ్బారావు మరణించారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువయిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. శరీర రక్షణవ్యవస్థ తన కీళ్ళపైనే దాడిచేసే కీళ్ళవాతంలో, దీనిని కొద్ది మోతాదులో ఇచ్చి ఆ దాడిని అణచుదురు.