రాబర్టు ఎంకె: చెప్పుకొనని గోడు

కాలిబంతియాట మగపిల్లల వేడుక గదా, గృహిణులకు దానితో నేమి పని యని సోదరీమణులు కొందఱు తలంపవచ్చును. నేనును అట్లే తలంచుచుంటిని. కాని రాబర్టు ఎంకె యను జర్మను ఆటగాని జీవితచరిత్రము తెలిసికొన్న పిమ్మట, అది మైదానమునకంటె ఇంటికే యెక్కువ సంబంధించిన కథ యని నాకు తోచినది. ఆతనికి కీర్తి కలదు, ధనము కలదు, అనుకూలవతియగు భార్య కలదు. అయినను ముప్పదిరెండేండ్ల వయస్సున ఆతడు తన ప్రాణమును తానే విడిచెను. ఎందుచేతనను ప్రశ్న మన యిండ్లలోను వినవలసినదే.

ముందుగా ఆతని పని యెట్టిదో చెప్పవలెను. ఈ యాటలో పక్షమునకు పదునొకండుగురు. పదుగురు బంతిని కాళ్లతో తన్నుచు మైదానమంతయు తిరుగుదురు. తక్కిన యొక్కడు 24 అడుగుల వెడల్పును 8 అడుగుల యెత్తును గల గోలు ముందు ఒంటరిగా నిలిచి, వచ్చిన బంతినెల్ల చేతులతో ఆపవలయును. వానిని గోల్కీపరందురు. ఇతరులు పది తప్పులు చేసినను ఒక్క గోలు వేసి మాపుకొనవచ్చును. గోల్కీపరు తొంబది నిమిషములలో ఒక్కమాఱు ఏమఱినను ఆ తప్పు అంకెగా మాఱి, వేలకొలది జనుల కన్నులయెదుట నిలుచును. ఏడాది పొడుగున రుచిగా వండిన యిల్లాలు ఒక్కనాడు ఉప్పెక్కువ వేసినపుడు వినవలసివచ్చు మాటలు మన మెఱుగనివి కావు. ఆతని పని యట్టిది.

ఎంకె 1977 వ సంవత్సరము ఆగస్టు 24 వ తేదీన యేనా పట్టణమున జన్మించెను. ఆ పట్టణము అప్పుడు తూర్పు జర్మనీలోనిది; కార్ల్ సైస్ వారి అద్దముల కర్మాగారమునకు పేరు పొందినది. ఆ కర్మాగారము పేరనే వెలసిన ఆటసంఘమున ఆతడు బాల్యమునుండి శిక్షణము పొంది, పెద్దల జట్టులో చేరెను. తండ్రి మనోవ్యాధులకు చికిత్స చేయు వృత్తిలోనివాడు. ఈ సంగతిని పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొందురు గాక. విద్యార్థిదశయందే పరిచితయైన తెరేసా యను కన్య తరువాత ఆతని యిల్లాలయ్యెను.

1996 లో ఎంకె పశ్చిమమున మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ సంఘమునకు పోయెను. 1998 లో మొదటి శ్రేణి ఆటలలో నిలుచు భాగ్యము కలిగినది గాని, ఆ యేడు జట్టు మిక్కిలి బలహీనముగ నుండెను. ఆ శరత్కాలమున ఒక యాటలో 8 గోలులు, దాని వెంటనే వచ్చిన యాటలో 7 గోలులు ఆతనిని దాటిపోయినవి. సంవత్సరాంతమున జట్టు అట్టడుగున నిలిచి క్రింది శ్రేణికి దిగిపోయెను. ఇంతలో ఆతని నేర్పును గమనించిన పోర్చుగలులోని బెన్ఫికా సంఘమువారు 1999 లో పిలిచిరి. లిస్బను నగరమునకు పోయి ఒడంబడికపై సంతకము చేసినంతనే ఆతనిని కారణము తెలియని భయమొకటి ఆవహించెను. వెంటనే ఇంటికి మఱలిపోవుదమని పట్టుపట్టెను. తెరేసా ధైర్యము చెప్పి నిలిపినది. పిదప అచ్చట గడపిన మూడేండ్లును ఆతనికి సుఖముగనే జరిగినవి. జట్టు నాయకత్వము కూడ వహించెను.

2002 లో స్పెయినులోని బార్సిలోనా పిలిచినది. ఈ యాట యాడువారికి అంతకు మించిన పిలుపు వేఱొకటి యుండదు. కాని ఆ యేడు సెప్టెంబరులో నొవెల్డా యను చిన్న యూరి జట్టుచేతిలో బార్సిలోనా 3-2 గోలుల తేడాతో ఓడిపోయెను. ఆనాడు గోలు కాచినవాడు ఎంకె. తన జట్టులోనివాడే యొకడు నలుగురిలో ఆతనిని తప్పుపట్టెను. ఆ పిదప ఆతనికి ఆడు నవకాశములు మిక్కిలి అరుదైనవి. 2003 లో టర్కీదేశమున ఫెనర్‌బాహ్చె జట్టుకు పోయెను. మొదటి యాటలోనే జట్టు 3 గోలులతో ఓడగా, తమవారే ఆతనిపై వస్తువులు విసరిరి. ఎంకె ఆ యొక్క యాటతోనే ఒడంబడిక రద్దుచేసికొని, జీతమును వదలుకొని వచ్చివేసెను. అప్పుడే వైద్యులు ఆతని వ్యాధికి పేరు చెప్పిరి. దానిని ఆంగ్లమున డిప్రెషనందురు, మనము విషాదరోగమనవచ్చును.

విషాదమనగానే మనకు గీతలోని మొదటి యధ్యాయము స్మరణకు వచ్చును. పార్థునివంటి వీరునకు రెండు సేనలనడుమ అవయవములు పట్టుదప్పెను, నోరెండెను, ఒడలు వణకెను, గాండీవము చేతినుండి జాఱెను. చేతులే ఆయుధములుగాగల గోల్కీపరునకును సరిగా నట్టి యవస్థయే పట్టెను. కాని యొక్క భేదము కలదు. అర్జునుడు తన యవస్థను దాచుకొనలేదు; లక్షలసేన చూచుచుండగా రథముమీద చతికిలబడి సారథితో నంతయు చెప్పుకొనెను. ఆ సారథి మందలించియైనను విడిచిపోలేదు, తుదిదాక వినెను, బదులు చెప్పెను. ఎంకె తన భార్యతోను, తండ్రితోను, వైద్యునితోను, మఱి కొలదిమంది ఆప్తులతోను మాత్రమే చెప్పుకొనెను. లోకమునకు చెప్పలేదు. చెప్పినచో గోలుముందు నిలువనీయరని వెఱచెను.

అయినను ఆ మొదటి పర్యాయము వైద్యము ఫలించినది. ఈ మాటను ముఖ్యముగా గుర్తింపవలెను. కొలోన్ నగరమున వైద్యునియొద్ద కొన్ని నెలలు చికిత్స పొంది, 2004 ఆరంభమున స్పెయినులోని టెనెరిఫె దీవి జట్టులో రెండవ శ్రేణి ఆటలాడి, ఆ వేసవిలో స్వదేశమునకు వచ్చి హనోవరు జట్టులో చేరెను. అచ్చట ఆతని పేరు మరల వెలిగినది. క్రమముగా జట్టునాయకుడయ్యెను.

ఆ 2004 ఆగస్టులోనే వారికొక యాడుశిశువు కలిగినది. పేరు లారా. పుట్టుకతోనే బిడ్డ గుండె సగము సరిగా నేర్పడలేదు. ఆ పసికందునకు శస్త్రచికిత్సలు పలుమాఱులు జరిగినవి. తల్లి దినములకొలది ఆస్పత్రిలోనే యుండగా, తండ్రి ఆటకును ఆస్పత్రికిని నడుమ తిరుగుచుండెను. 2006 సెప్టెంబరు 17 వ తేదీన, రెండేండ్ల ప్రాయమున, ఆ బిడ్డ కన్నుమూసెను. వారము తిరుగకముందే ఎంకె మైదానమున నిలిచెను.

కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల కడుపుకోతను వర్ణింపబనిలేదు. కాని యిచ్చట మనము నేర్చుకొనవలసినది యొకటి కలదు. అంతటి శోకమున ఆతనికి పాతరోగము తిరుగబెట్టలేదు. ఆతడు ఏడ్చెను, దుఃఖించెను, భార్యతోగూడి ఆ దుఃఖమును మోసెను, మెల్లగా తేఱుకొనెను. మూడేండ్ల పిమ్మట, అంతయు చక్కగా నున్నదని లోకమనుకొన్నపుడు, ఆ రోగము తిరిగి వచ్చినది. 2007 లో జర్మనీ దేశపు జట్టున తొలిమాఱు ఆడి, మొత్తము ఎనిమిది ఆటలాడెను. 2010 లో జరుగనున్న ప్రపంచపు పోటీలో దేశమునకు గోలు కాచు స్థానము ఆతనికే దక్కునని పలువురు తలంచుచుండిరి. 2009 మేనెలలో ఆ దంపతులొక యాడుశిశువును పెంపునకు తెచ్చుకొనిరి. ఇల్లు మరల కళకళలాడినది. ఆ వేసవి దాటునప్పటికే నిద్ర పట్టకుండుట, ఏ నిర్ణయమును చేయలేకుండుట, ప్రతిదానికిని తన్ను తాను నిందించుకొనుట మొదలైనవి.

దీనినిబట్టి శోకము వేఱు, విషాదరోగము వేఱు అని తెలియుచున్నది. శోకమునకు కారణముండును, కాలము గడచినకొలది అది తగ్గును. ఈ రోగమునకు కంటికి కనబడు కారణముండవలెనని నియమము లేదు. బయటి సంపదలను చూపినంతమాత్రమున అది పోదు. మన యిండ్లలో ఒక కోడలో, ఒక బాలింతరాలో మాటపలుకు లేక గోడవైపు తిరిగి పండుకొనినచో, “దీనికేమి తక్కువ? తిండికా, గుడ్డకా?” యని యడుగుచుందుము. ఎంకెకు ఏమియు తక్కువ లేదు. జ్వరము వచ్చినవానిని నీకేమి తక్కువయని మనమడుగుదుమా?

ఆ యేటి శరత్కాలమున ఎంకె కొన్నివారములు ఆటలకు రాలేదు. ఏదో సూక్ష్మక్రిమివలన దేహము చెడినదని లోకమునకు తెలుపబడెను. ఆస్పత్రిలో చేరుమని వైద్యుడు చెప్పినను ఆతడొప్పుకొనలేదు. ఆటలోని స్థానము పోవునను భయమొకటి. మనోరోగియని తెలిసినచో పెంపుడుబిడ్డను తమయొద్దనుండి తీసికొందురేమోయను భయము మఱియొకటి. అక్టోబరు తుదికి మరల గోలుముందు నిలిచెను. నవంబరు 8 వ తేదీన హాంబుర్గు జట్టుతో ఆట 2-2 గా ముగిసినది. చూచినవారెవరికిని ఏమియు తోచలేదు. ఆప్తులకు సయితము తాను కుదుటపడినట్లు కనబఱచెను. నవంబరు 10 వ తేదీన ఆతడు ఇల్లు విడిచిపోయి మరల రాలేదు.

మఱునాడు తెరేసా పత్రికలవారి యెదుట వైద్యునితోగూడి కూర్చుండెను. ఆఱేండ్లుగా దాచిన సంగతినంతయు చెప్పెను. ప్రేమ యుండినచో అన్నిటిని దాటవచ్చునని తామిద్దఱు నమ్మియుండిరనియు, ఎల్లవేళల నది చాలదనియు ఆమె చెప్పిన మాటలు విని యెందఱో కంటతడి పెట్టిరి.

ఇది చదివినపుడు నాకు భారతములోని కుంతి జ్ఞప్తికి వచ్చినది. కర్ణుడు తన బిడ్డయని ఆమె లోకాపవాదమునకు వెఱచి దాచెను. కర్ణుడు పడిన పిమ్మట, తర్పణములు విడుచువేళ గాని కుమారులకు చెప్పలేదు. అప్పుడు ధర్మరాజు కోపించి, ఇకమీదట ఆడువారి నోట రహస్యము నిలువకుండుగాకయని శపించెనట. ఈ శాపమును చెప్పి మగవారు మనలను వేళాకోళము చేయుట కలదు. కాని తెరేసా ఆఱేండ్లు రహస్యమును కాపాడినది. భర్త కోరినందున కాపాడినది. ఇంటి పరువుకొఱకు ఏ దేశపు స్త్రీయైనను అట్లే చేయును. ధర్మరాజు శాపము నిజముగా ఫలించియుండినచో నెంత బాగుండెడిదోయని నాకనిపించినది. ఆ యిల్లాలిని తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుటలేదు. రోగమును చెప్పుకొనుట సిగ్గని చేసిన లోకముదే తప్పు. మనోవ్యాధులకు చికిత్సచేయు తండ్రి కడుపున పుట్టినవానినే ఆ సిగ్గు విడువలేదన్నచో, ఏమియు నెఱుగని మనబోంట్ల యిండ్లలో అదెంత బలమైనదో యోచింపుడు.

జర్మనీ జట్టు ఆడవలసిన యొక యాటను మానివేసిరి. నవంబరు 15 వ తేదీన హనోవరు మైదానమున నలువదివేలమంది చేరి ఆతనికి కడసారి వీడ్కోలు చెప్పిరి. శవపేటికను మైదానము నట్టనడుమనుంచిరి. పిమ్మట ఆతనిని కూతురి సమాధిప్రక్కనే పూడ్చిరి. 2010 జనవరిలో దేశపు ఆటసంఘములవారును హనోవరు సంఘమువారును కలిసి రాబర్టు ఎంకె పేరిట ధర్మసంస్థ నొకదానిని స్థాపించిరి. తెరేసా దానికి అధ్యక్షురాలయ్యెను. దాని యుద్దేశములు రెండు: విషాదరోగమునుగూర్చి జనులకు తెలియజెప్పి రోగులకు వైద్యుని చూపుట యొకటి, గుండెజబ్బుతో పుట్టిన శిశువులకు తోడ్పడుట రెండవది. భర్తను బిడ్డను పోగొట్టుకొన్న యామె, ఆ రెండు దుఃఖములనే ఇతరులకుపకారముగా మార్చినది.

సోదరీమణులారా! ఇంటిలో నెవరికైనను నిద్రయు ఆహారమును తప్పి, ఇష్టమైన పనులపై మనసు పోయి, తానెందుకును కొఱగాననుచు వారములు గడచినచో, దానిని సోమరితనమనియు గ్రహచారమనియు త్రోసివేయక వైద్యునకు చూపవలెను. మందులును, తగినవారితో సంభాషణచికిత్సయు కలవు; అవి పలువురకు గుణమిచ్చినవి, ఎంకెకును ఒకమాఱు ఇచ్చినవి. చచ్చిపోవలెనను మాట యెవరినోటనైన వచ్చినచో వారిని ఒంటరిగా విడువరాదు. మనదేశమున ప్రభుత్వమువారు 2022 అక్టోబరునుండి నడపుచున్న టెలిమానసునకు 14416 అను అంకెతో ఫోనుచేసి తెలుగులోనే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు.

ప్రేమ చాలదని తెరేసా చెప్పినది. ప్రేమ వలదని కాదు. ప్రేమగలవారు చేయవలసిన మొదటిపని, చెప్పుకొనుటకు వెఱువనక్కఱలేని యిల్లుగా తమ యింటిని చేయుట. రెండవపని, చెప్పినదానిని విని వైద్యునియొద్దకు వెంటబోవుట. మన బిడ్డలు ఆటలలో నెగ్గివచ్చినపుడు తలుపు తీయుటకు అందఱమును పరుగెత్తుదుము. ఓడివచ్చిన దినమునను ఆ తలుపు అట్లే తీసియుంచుదము.