తాండూరు కంది విక్రయంలో వినియోగదారుల వర్గీకరణ

వికారాబాద్ జిల్లా తాండూరు ప్రాంతపు నల్లరేగడి నేలల్లో వర్షాధారంగా పండే కందికి, యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు మేరకు, 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. 22-24 శాతం మాంసకృత్తులు, రుచి, త్వరగా ఉడికే గుణం, నిల్వ సామర్థ్యం దీని విశిష్టతలు. అయితే ఈ గుర్తింపు పేరుకు రక్షణ కల్పిస్తుందే గాని ధరకు హామీ ఇవ్వదు. విశిష్టతకు విలువ కట్టేది కొనుగోలుదారుడే.

కొనుగోలుదారులందరి అవసరాలూ ఒక్కటి కావు. వయస్సు, ఆదాయం, కుటుంబ పరిమాణం, నివాస ప్రాంతం వంటి లక్షణాల ఆధారంగా జనాభాను సమూహాలుగా విభజించడమే జనాభాపరమైన మార్కెట్ వర్గీకరణ. ఎంచుకున్న సమూహం కొలవదగినదిగా, చేరదగినదిగా, అమ్మకానికి చాలినంత పెద్దదిగా ఉండాలి.

ఉదాహరణకు, దంపతులిద్దరూ ఉద్యోగం చేసే చిన్న కుటుంబానికి పప్పు త్వరగా ఉడకడం ప్రధానం. కిలో ప్యాకెట్టు చాలు. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనే పెద్ద కుటుంబానికి నిల్వ గుణం ముఖ్యం. వసతి గృహాలు, హోటళ్లు బస్తా ధరను, నిలకడైన నాణ్యతను చూస్తాయి. విదేశాల్లోని తెలుగువారు పేరును బట్టి కొనాలంటే ఆ పేరు నిజమైనదన్న నమ్మకం కలగాలి. ఆదాయం ఒక్కటే ప్రమాణం కాదు. సమాన ఆదాయం గల కుటుంబాల వంట అలవాట్లు కూడా భిన్నంగా ఉండవచ్చు.

రైతు కందులు అమ్ముతాడు. వినియోగదారుడు పప్పు కొంటాడు. నడుమ మిల్లులో ఇతర ప్రాంతాల కందులు కలిస్తే గుర్తింపు వల్ల రావలసిన అదనపు విలువ రైతుకు దక్కదు. కావున రైతు సంఘాలు ముందుగా ఒక సమూహాన్ని ఎంచుకొని, దానికి తగిన పరిమాణంలో సరుకును విడిగా మర పట్టించి, విడిగా అమ్మాలి. విత్తే ముందు భూసార పరీక్షను సూచించే విస్తరణ శాస్త్రవేత్తలు, అమ్మే ముందు వినియోగదారుల సర్వేను కూడా సూచించడం అవసరం.