బందరులో ఒక వైద్యుడు బ్యాంకు పెట్టిన సంవత్సరము

గుడివాడలో ఉన్న మా మేనల్లుడు వరికోత యంత్రముల మరమ్మతుకు సొంత దుకాణము తెరవవలెనని రెండేండ్లుగా తలపోయుచున్నాడు. పని వచ్చును, చేతిలో కొంత పైకము కూడ ఉన్నది. అయినను మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, "అంతా ఉంది మామయ్యా, నా మీద నాకే నమ్మకం కుదరటం లేదు" అన్నాడు. ఇటువంటి మాట ప్రతి ఏటా ఏదో ఒక ఇంట వినబడునదే. నేనతనికి ధైర్యవచనములు చెప్పలేదు. అవి వినునంతసేపే పనిచేయును. బందరు కథ ఒకటి చెప్పినాను. దానినే ఇక్కడ కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించినారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి బందరులో వైద్యవృత్తి సాగించినారు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినారు. 1916 ప్రాంతమున బాగుగా సాగుచున్న వైద్యమును విడిచిపెట్టినారు. 1919లో "జన్మభూమి" అను ఆంగ్ల వారపత్రికను ఆరంభించినారు. 1939లో సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయిన కాంగ్రెసు అభ్యర్థిగానే లోకము ఆయనను ఎక్కువగా తలచుకొనును. అది అన్యాయమని నా అభిప్రాయము. నలుబది మూడేండ్లు నిండుటకు నాలుగు దినముల ముందు, 1923 నవంబరు 20న, ఆయన ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించినారు. 28న లావాదేవీలు మొదలైనవి. అధీకృత మూలధనము 10 లక్షలు, చెల్లింపబడినది 1 లక్ష రూపాయలు.

ఈనాడు చదువువారికి ఇది శుభారంభముగా తోచవచ్చును. ఆనాడు బ్యాంకులో డబ్బు దాచుకొన్న గృహస్థునికి అట్లు తోచియుండదు. 1906లో మద్రాసులో ఆర్బత్నాట్ కంపెనీ కూలి ఎన్నో కుటుంబములు నిలువ ధనమును పోగొట్టుకొన్నవి. 1913లో లాహోరులోని పీపుల్స్ బ్యాంకు, బొంబాయిలోని స్పీసీ బ్యాంకు మూతపడినవి. స్వదేశీ ఉత్సాహముతో లేచిన మరికొన్ని బ్యాంకులు వాని వెంట పోయినవి. సరిగా ఆ 1923 ఏప్రిల్ నెలలోనే సిమ్లా అలయన్స్ బ్యాంకు తలుపులు మూసినది. ఇది జరిగిన ఏడు నెలలకు బందరులో ఒక వైద్యుడు, "మీ డబ్బు నాకిండు" అని జనులను అడిగినాడు!

బట్టల దుకాణము దివాలా తీసిన సొంతదారు మునుగును, అప్పిచ్చినవారు కొంత నష్టపోవుదురు. బ్యాంకు సంగతి వేరు. దానియందలి ధనములో అధికభాగము పరులది. ఆ ధనమును మరల అప్పుగా ఇచ్చిననే దానికి రాబడి. కనుక డబ్బు దాచినవారందరు ఒక్క ఉదయమున వచ్చి నిలుచున్నచో, ఎంత నిజాయితీపరుడైన మేనేజరైనను అప్పటికప్పుడు అందరికి లెక్క తీర్చలేడు. బ్యాంకు పెట్టువాడు తన్ను తాను నమ్ముట చాలదు. వేలమంది ఇతరులు తన్ను ప్రతిదినము నమ్ముచుండవలెను.

మరి ఆ ధైర్యమెక్కడిది? ఆయన చీకటిలో అడుగువేయలేదని నాకు తోచుచున్నది. 1915లోనే కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో ఆయన చేయి ఉన్నది. ఎనిమిదేండ్ల ముందే రైతు అప్పు ఎట్లుండునో, ఎప్పుడు తీరునో, ఎందుకు తీరదో చూచినవాడన్నమాట.

డెల్టాలో డబ్బు నడక చిత్రమైనది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప ఇచ్చటి ధనమంతయు కాలువ నీటి వెంట నడచినది. కాలువలు వదలిన తరువాత నారుమళ్ళకు, దమ్ముకు, ఊడ్పులకు రైతుకు డబ్బు కావలెను. అప్పటికి మిల్లుదారు బియ్యము అమ్ముకొని చేతిలో డబ్బుతో ఉండును. కోతలై ధాన్యము కల్లమునుండి కదలునప్పుడు మిల్లుదారుకు డబ్బు కావలెను. రైతు చేతికి డబ్బు వచ్చును. ఒకరి అవసరము ఇంకొకరి విశ్రాంతికాలమున వచ్చుచున్నది. ఈ రెంటి నడుమ వడ్డీవ్యాపారి కూర్చున్న చోటనే బ్యాంకు కూడ కూర్చుండగలదు.

కాని ఇందులో పెద్ద లోపమొకటి ఉన్నది. అప్పుపుచ్చుకొన్నవారందరు ఒకే డెల్టావారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30 వేలమందిని పొట్టనపెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ గతి మనమందరము ఎరిగినదే. ఒక్క రాత్రిలో పంట పోయినచో బాకీదారులందరు కలసి మునుగుదురు. ఎంతటి ఆత్మవిశ్వాసమును సముద్రమును ఆపలేదు. అప్పులను పలు ఊళ్ళకు, పలు వృత్తులకు పంచుట ఒక్కటే బ్యాంకు చేతిలోని పని.

వేరొక చిక్కు కూడ కలదు. పంట అప్పు ఆరు నెలలలో తిరిగివచ్చును. తనఖాలో ఉన్న భూమిని విడిపించుకొనుటకు ఏండ్లు పట్టును. నేడో రేపో తిరిగి అడుగు సొమ్మును పదేండ్ల అప్పుగా ఇచ్చుట ప్రమాదము. అందుకు వేరు సంస్థ ఉండవలెను. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు పట్టాభిగారి పూనికతో ఏర్పడినవి. ఒకే మనిషి ఇన్ని సంస్థలెందుకు పెట్టినాడని ఆశ్చర్యపడువారు ఈ కాలవ్యవధుల భేదమును కూడ గమనింపవలెను.

1938లో తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలగా దక్షిణదేశమంతట డిపాజిటుదారులు బెదరినారు. బందరు బ్యాంకు నిలిచినది. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు దానిలో కలిసినది. 1980 ఏప్రిల్ 15న అది జాతీయమైనది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పట్టాభిగారు 1959 డిసెంబరు 17న కన్నుమూసినారు. ఆ పేరు బోర్డులపై చెరిగిపోయినప్పుడు బందరువారు పడిన నొచ్చుకోలు చిన్నది కాదు.

కథ విని మావాడు కొంతసేపు మాటాడలేదు. "నీకు తెలిసినదేది, తెలియనిదేది?" అని అడిగితిని. యంత్రము తెలియును. కోతలు నవంబరు, డిసెంబరులతో సరి; పిమ్మట చేలలో మినుము. దుకాణపు అద్దె మాత్రము పండ్రెండు నెలలకు. తక్కిన పది నెలలు పని ఎక్కడనుండి వచ్చును? ఈ ప్రశ్నకు జవాబు లేకపోవుటనే అతడు రెండేండ్లుగా తనపై నమ్మకము లేకపోవుట అనుకొనుచున్నాడు. కాగితము తీసి నెలల పేర్లు వ్రాసినాము. జూన్, జూలై ఎదుట దమ్ముట్రాక్టర్లని వ్రాసినాడు. ఎండకాలము వద్ద కలము ఆగినది. "కైకలూరు వైపు చేపల చెరువుల్లో గాలి మర యంత్రాలు ఏడాది పొడవునా తిరుగుతాయి మామయ్యా. వాటిని నేను విప్పి చూడలేదు" అన్నాడు. ఎల్లుండి ఆదివారము అక్కడి చెరువుల యజమానులిద్దరిని కలసివత్తునని చెప్పి, ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొని వెళ్ళినాడు.