రొయ్య తీపి వెనక కణపొర

ఉప్పునీటి రొయ్యకున్న తీపి చప్పనీటి చెరువు రొయ్యకు రాదని ఎలమంచిలి బజారులో అనుభవం ఉన్నవాళ్లెవరైనా చెబుతారు. పూడిమడక, రాంబిల్లి తీరం దగ్గర్లోనే ఉంది కాబట్టి పోల్చి చూసుకునే వీలు ఈ ఊరివాళ్లకు బాగానే ఉంది. ఆ తీపి నాలుక భ్రమ కాదు. ఉప్పునీటిలో బతకడానికి రొయ్య కణాలు పడే పాటే మనకు రుచిగా తెలుస్తుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మాగాయకు మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట దిగి ముక్క ముడుచుకుపోతుంది కదా, చుట్టూ ఉప్పు పెరిగితే జీవకణానికి పొంచి ఉన్న ప్రమాదం కూడా అదే. కణం చుట్టూ ఉండేది రెండు వరసల కొవ్వు అణువులతో అల్లుకున్న పలుచని పొర. ఉప్పును అది సులువుగా పోనివ్వదు, నీటిని మాత్రం ఆపలేదు. నీరు పోవడానికి చాలా కణాల పొరల్లో ఆక్వాపోరిన్ అనే ప్రత్యేక ద్వారాలే ఉన్నాయి. వాటిని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

నీటిలో ఉప్పు పెరిగితే రొయ్య రక్తంలోనూ కొంత పెరుగుతుంది. అప్పుడు కణంలోని నీరు బయటికి పోకుండా ఉండాలంటే లోపల కూడా ఏదో ఒకటి అంత చిక్కగా కరిగి ఉండాలి. ఉప్పునే నింపుకుంటే ప్రొటీన్ల పని చెడుతుంది. అందుకే రొయ్య కణం గ్లైసీన్, ప్రోలీన్, అలనీన్ వంటి అమైనో ఆమ్లాలను పోగేసుకుంటుంది. వాటితోపాటు సిస్టీన్ నుంచి తయారయ్యే టారిన్, గ్లైసీన్ బంధువైన బీటైన్ కూడా ఉంటాయి. విద్యుదావేశం ఉండడం వల్ల ఇవి కొవ్వు పొరను దాటి సులువుగా జారిపోలేవు. ఎంత పోగైనా ప్రొటీన్లకు హాని చెయ్యవు. సూక్ష్మజీవుల నుంచి సముద్ర జీవుల దాకా ఎన్నో ప్రాణులు ఇలాంటి కొద్దిపాటి పదార్థాలనే నమ్ముకున్నాయని పాల్ యాన్సీ, జార్జ్ సొమెరో బృందం 1982లో 'సైన్స్' పత్రికలో వివరించింది. పరిణామంలో ఇంత పొదుపైన ఉపాయాలు అరుదు.

వానాకాలంలో వరద నీరు ఏటి మొగలోకి వచ్చి ఉప్పు తగ్గిందంటే కథ తిరగబడుతుంది. ఇప్పుడు నీరు కణంలోకి చొరబడుతుంది. పొర ఉబ్బి పగలకముందే కణం అమైనో ఆమ్లాలను బయటికి వదలాలి. వాటిలో కొంత ఖర్చయిపోయి అమ్మోనియాగా విసర్జితమవుతుంది. ఈ సర్దుబాటుకు వ్యవధి కావాలి. 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతి పొందిన వనామీ రకం రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది. అయినా హేచరీ నుంచి తెచ్చిన సీడును, అంటే రొయ్య పిల్లలను, ఒక్కసారిగా చెరువులో గుమ్మరించకుండా, ఆ నీటిని కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చేస్తారు. ఆ ఓపిక చూపని రైతుకు రొయ్య పిల్లలు దక్కవు.

మన ఒంట్లోనూ ఇదే ఏర్పాటు ఉంది. కణం ఉబ్బినప్పుడు టారిన్ వంటివాటిని బయటికి వదిలే ద్వారానికి కీలకమైన ప్రొటీన్ ఏదో 2014లో తేలింది. రక్తంలో సోడియం పడిపోయినప్పుడు మెదడు కణాలు ఉబ్బకుండా తట్టుకునేది కొంత దీనివల్లే. అసలు పొర తయారీలోనే అమైనో ఆమ్లానికి వాటా ఉంది. సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని తగిలించుకున్న కొవ్వు అణువులు మామూలుగా పొర లోపలి వైపున ఉంటాయి. కణం చనిపోయేటప్పుడు అవి బయటికి తిరుగుతాయి. ఆ గుర్తు చూసే శరీరంలోని పారిశుద్ధ్య కణాలు దాన్ని మింగేస్తాయి.

ఇక రుచి సంగతి. గ్లైసీన్, అలనీన్ సహజంగానే తియ్యనివి. ఉప్పు ఎక్కువున్న నీటిలో పెరిగిన రొయ్య కండలో అవి ఎక్కువ. నాలుక మీది కణాల పొరల్లో ఉన్న గ్రాహకాలు వాటిని పట్టుకుంటాయి. చచ్చిన రొయ్యలో కణపొరకు ఆ కాపలా శక్తి ఉండదు, తీపినిచ్చేవి నీటిలోకి దిగిపోతాయి. కాబట్టి బజారు నుంచి తెచ్చిన రొయ్యలను వలిచి గంటల తరబడి నీళ్లలో నాననివ్వకండి. కడిగి, వెంటనే పొయ్యి మీద పెట్టండి.