గుఱ్ఱపు డెక్క యేల పగులును?

మన గోరు ఏ కెరటిన్‌తో నేర్పడినదో గుఱ్ఱపు డెక్క వెలుపలి గోడయు దానితోనే యేర్పడినది; కావుననే దాని యంచున లాడపు మేకు దిగగొట్టినను గుఱ్ఱమునకు నొప్పి తెలియదు. అయితే డెక్క మితిమీరి పెరిగి, బరువు ఒక్కచోటనే పడుచుండినచో ఆ గోడ నిలువుగా చీలును. చీలిక లోపలి జీవమున్న పొరను తాకినదా యని తెలిసికొనుటకు పశువైద్యుడు అరచేతితో వేడిమి చూచి, పాదపు నాడి యదురును పరీక్షించి, పిదప పెద్ద పట్టకారు వంటి పనిముట్టుతో డెక్కను చోటుచోటున నొక్కును. గుఱ్ఱము చటుక్కున కాలు లాగుకొన్నచో జాడ దొరికినట్లే! మాటలాడని రోగి యిచ్చు సమాధానమది. పిమ్మట అంచు చెక్కి, చీలిక కదలకుండ లాడము బిగింతురు. చీలినది మరల అతుకుకొనదు. రోమములు ముగియు చోటినుండి నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్ల చొప్పున దిగివచ్చు క్రొత్త గోడ ముందరి కొనకు చేరుటకు సుమారొక సంవత్సరము పట్టును.